యుద్ధ యంత్రాల విషయంలో చెవిన పెట్టకూడని సలహాలు

రక్షణ సదస్సుల్లో, టీవీ చర్చల్లో, ఇంజనీరింగ్ కాలేజీల సెమినార్లలో కొన్నేళ్లుగా ఒకే తరహా సలహాలు వినిపిస్తున్నాయి. లక్ష్యాన్ని తామే వెతుక్కుని, తామే గురిపెట్టి, తామే పేల్చే ఆయుధాలను వీలైనంత తొందరగా తయారు చేసుకోవాలని, లేకపోతే వెనకబడిపోతామని. ఇలా చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలామంది దేశం మీద ప్రేమతోనే చెబుతారు. సరిహద్దులో మన పిల్లల ప్రాణాలు దక్కాలనే చెబుతారు. అందుకే ఆ మాటలు సులువుగా బుర్రకెక్కుతాయి. ప్రమాదమూ అక్కడే ఉంది.

ఎక్కువగా వినిపించే తొమ్మిది సలహాలను ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం. వీటిలో దేన్నీ పాటించకండి. పాటించిన చోట ఏం జరిగిందో చరిత్రలో ఉంది. ఆ చరిత్ర అంతా కలిపి చెప్పేది ఒక్కటే: ప్రాణం తీసే ముందు అనుమానించడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి కాస్త సమయం ఉండాలి, వద్దు అనే అధికారం ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేయమన్నా అది తప్పుడు సలహాయే.

1. "యంత్రానికి అలుపు లేదు, కాపలా దానికే అప్పగించండి"

మనిషి నిద్రపోతాడు, భయపడతాడు, కోపంలో కాలుస్తాడు. యంత్రానికి ఇవేవీ ఉండవు కదా అంటారు. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో జరిగింది చూడండి. ఇరాక్ వదిలే స్కడ్ క్షిపణులను గాల్లోనే అడ్డుకోవడానికి అమెరికా అక్కడ పేట్రియాట్ వ్యవస్థను నిలిపింది. ఫిబ్రవరి 25 నాటికి దాన్ని ఆపకుండా 100 గంటలకు పైగా నడుపుతున్నారు. దాని లోపలి గడియారం కాలాన్ని సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెడుతుంది. ఆ పదో వంతును కంప్యూటరు వాడే బైనరీ అంకెల్లో కచ్చితంగా రాయడం కుదరదు, చివర కొంచెం తెగ్గొట్టాల్సిందే. ఆ తెగ్గొట్టిన పిసరు గంటగంటకూ పోగుపడింది. 100 గంటలయ్యేసరికి లెక్క సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. అంతేనా అనిపిస్తుంది. కానీ అంతలో స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది. రాడార్ తప్పు చోట వెతికింది, అక్కడ ఏమీ కనిపించలేదు, ముప్పు లేదని తేల్చేసింది. స్కడ్ నేరుగా సైనికుల బస మీద పడింది. 28 మంది చనిపోయారు.

ఈ లోపం ఎవరికీ తెలియనిది కాదు. ఇజ్రాయెల్ సైన్యం రెండు వారాల ముందే పసిగట్టి అమెరికాకు చెప్పింది. మరీ ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చని పేట్రియాట్ సిబ్బందికి కబురు కూడా వెళ్లింది. ఎన్ని గంటలైతే మరీ ఎక్కువో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్‌కు చేరింది ఫిబ్రవరి 26న, అంటే మర్నాడు.

కాపలా సిపాయికి నిద్ర ముంచుకొస్తే ఆవలిస్తాడు, తూలతాడు, పక్కవాడు చూసి లేపుతాడు. యంత్రం గాడి తప్పినప్పుడు తెర మాత్రం ఎప్పటిలాగే వెలుగుతూ ఉంటుంది. కాబట్టి అలుపు లేదన్న ధీమాతో దాన్ని ఒంటరిగా వదలకూడదు. ఎంతసేపటికి ఏం తప్పుతుందో తెలిసిన మనిషి పక్కనే ఉండాలి.

2. "తెర మీద వచ్చింది నమ్మండి, సిపాయికి సందేహం పనికిరాదు"

1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటింది. మాస్కోకు దక్షిణాన సెర్పుఖోవ్-15 అనే రహస్య కేంద్రంలో లెఫ్టినెంట్ కర్నల్ స్తానిస్లావ్ పెత్రోవ్ డ్యూటీలో ఉన్నారు. అమెరికా భూభాగం నుంచి అణు క్షిపణి లేస్తే ఉపగ్రహాల ద్వారా కనిపెట్టి పైవాళ్లకు చెప్పడం ఆయన బాధ్యత. సైరన్ మోగింది. ఒక క్షిపణి బయల్దేరినట్టు తెర మీద వచ్చింది. కాసేపటికి ఇంకొకటి, మరొకటి, మొత్తం ఐదు. సమాచారం నమ్మదగినదేనని వ్యవస్థ ఢంకా బజాయించి చెబుతోంది. రోజులు కూడా మంచివి కావు. మూడు వారాల క్రితమే సోవియట్ యుద్ధ విమానం దారి తప్పి వచ్చిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. 269 మంది పోయారు. రెండు దేశాలూ కారాలు మిరియాలు నూరుకుంటున్నాయి.

పెత్రోవ్ ఫోన్ తీసి, ఇది దాడి కాదు, వ్యవస్థ పొరపాటని పైవాళ్లకు చెప్పారు. ఆయన చేతిలో రుజువేమీ లేదు. అణుయుద్ధం మొదలుపెట్టేవాడు ఐదంటే ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా అన్న ఇంగితం ఉంది. భూమ్మీది రాడార్లలో ఇంకా ఏమీ కనిపించడం లేదన్న గమనింపు ఉంది. ఈ ఉపగ్రహ వ్యవస్థ కొత్తది, హడావిడిగా పెట్టింది అన్న అనుభవం ఉంది. ఆయన అనుమానమే నిజమని తర్వాత తేలింది. ఎత్తైన మేఘాల మీద పడి మెరిసిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడింది.

ఆ మూడు కారణాల్లో ఒక్కటి కూడా ఉపగ్రహానికి తెలియదు. ఎవరైనా ఐదే ఎందుకు పంపుతారన్న ప్రశ్న దానికి పుట్టదు. ఇప్పటి కృత్రిమ మేధ అప్పటి కంప్యూటర్లకన్నా ఎన్నో రెట్లు తెలివైనదే. కానీ ఎప్పుడూ చూడనిది ఎదురైతే ఆగి ఆలోచించే గుణం దానికి ఇంకా పట్టుబడలేదు. తనకు తెలిసిన వాటిలో దగ్గరగా అనిపించినదానితో జతకట్టి, ధీమాగా పేరు చెప్పేస్తుంది. 2017లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు త్రీడీ ప్రింటర్ మీద ఒక తాబేలు బొమ్మ చేసి, దాని పైరంగుల్ని కాస్త మార్చారు. పసిపిల్లలకు చూపించినా తాబేలనే అంటారు. బొమ్మల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని దాదాపు ఎటు తిప్పి చూపించినా తుపాకీ అంది. సరదా ప్రయోగంగా అది బాగానే ఉంటుంది. అదే సాఫ్ట్‌వేర్ చేతికి నిజం తుపాకీ ఇస్తే ఏమవుతుందో ఆలోచించండి.

3. "ఆఖరి బటన్ మనిషి చేతిలోనే ఉందిగా, ఇంకేం భయం?"

ఇది అన్నిటికన్నా నమ్మించే సలహా. చాలా దేశాల సైన్యాలు ఇప్పుడు ఇదే మాట చెబుతున్నాయి. కానీ బటన్ దగ్గర కుర్చీ వేసి మనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన నిర్ణయం అతనిదై పోదు.

1988 జులై 3న హోర్ముజ్ జలసంధిలో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ వెళుతున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. వారిలో 66 మంది పిల్లలు. 10 మంది మన దేశస్థులు. ఆ నౌకలో ఉన్నది ఏజిస్ అనే అత్యాధునిక వ్యవస్థ. విమానం పైకి లేస్తోందని ఏజిస్ సరిగ్గానే నమోదు చేసింది. అప్పటికే చిన్న పడవలతో కాల్పుల్లో ఉన్న సిబ్బంది మాత్రం అది తమ మీదికి దిగుతున్న యుద్ధ విమానమని చెప్పుకున్నారు. నాలుగు నిమిషాల్లోపే తేల్చుకోవాల్సిన ఒత్తిడిలో అంకెల ప్రవాహం ముందు కూర్చున్న మనుషులు, తాము చూడబోతున్నామని భయపడ్డదాన్నే చూశారు.

2003 ఇరాక్ యుద్ధంలో తప్పు అటు నుంచి ఇటు మారింది. ఈసారి పొరబడింది పేట్రియాట్ యంత్రం. తిరిగి వస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని శత్రు క్షిపణిగా చూపించింది. సిబ్బందికి దొరికింది నిమిషం కూడా లేదు. యంత్రాన్ని నమ్మాలనే వాళ్లకు నేర్పారు, నమ్మారు. మిత్రదేశపు ఇద్దరు వైమానికులు చనిపోయారు. పది రోజులకే అమెరికా నౌకాదళ విమానమొకటి పేట్రియాట్‌కే బలైంది, పైలట్ ప్రాణం పోయింది. ఆ మూడు ప్రాణాలు పోయిన రెండు చోట్లా బటన్ దగ్గర మనిషి ఉన్నాడు.

ఇక ఇటీవలి సంగతి. గాజా యుద్ధంలో లావెండర్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ వేల పేర్లతో దాడి జాబితాలు తయారు చేసిందని, ఒక్కో పేరు మీద అధికారి పెట్టిన సమయం దాదాపు 20 సెకన్లే ఉండేదని ఇజ్రాయెల్‌లోని '+972' పత్రిక 2024 ఏప్రిల్‌లో రాసింది. అది సమాచారం సరిచూసుకునే సాధనం మాత్రమేనని, లక్ష్యాలను అది నిర్ణయించదని సైన్యం చెప్పింది. ఈ వాదంలో ఎవరి మాట ఎంత నిజమన్నది పక్కనపెట్టినా అడగవలసిన ప్రశ్న ఒకటి మిగులుతుంది. ఒక మనిషి బతకాలా చావాలా అన్నది 20 సెకన్లలో తేల్చే అధికారి నిర్ణయం తీసుకుంటున్నట్టా, సంతకం పెడుతున్నట్టా?

కాబట్టి మనిషి ఉన్నాడా అని అడిగి ఊరుకోకండి. అతనికి ఎంతసేపు ఇచ్చారు, వేరే దారిలో సరిచూసుకునే వీలుందా, యంత్రం మాట కాదంటే పై అధికారి మెచ్చుకుంటారా తిడతారా, ఇవి అడగండి.

4. "వేగమే గెలుపు, నిర్ణయాన్ని సెకన్లలోకి కుదించండి"

మన ఉపఖండానికి ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. 2022 మార్చి 9 సాయంత్రం మన వైమానిక దళం నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున బయల్దేరి వెళ్లిపోయింది. సరిహద్దు దాటి పాకిస్తాన్‌లో 124 కిలోమీటర్ల లోపల, మియాన్ చన్ను దగ్గర పడింది. ఆస్తి నష్టం తప్ప అదృష్టవశాత్తు ప్రాణాలు పోలేదు. సాంకేతిక లోపం వల్ల జరిగిందని, చాలా విచారిస్తున్నామని మన రక్షణ శాఖ రెండు రోజుల తర్వాత, మార్చి 11న ప్రకటించింది. విచారణలో నియమాలు పాటించలేదని తేలడంతో ఆగస్టులో ముగ్గురు అధికారులను తొలగించారు.

ఆ క్షిపణి పాకిస్తాన్ గగనతలంలో ఉన్నది కొన్ని నిమిషాలే. అవతల చూస్తున్నవాళ్లు మనుషులు. ఒక్కటే వచ్చింది, వెనక ఇంకేమీ లేవు, ఇరువైపులా యుద్ధ వాతావరణం లేదు, ఇది దాడిలా లేదే అని తటపటాయించడానికి వాళ్లకు వీలు దొరికింది. అదే చోట, వచ్చిన క్షిపణికి వెంటనే బదులు క్షిపణి వదిలే యంత్రం ఉండి ఉంటే? దానికి బదులిచ్చే యంత్రం ఇటు కూడా ఉండి ఉంటే? మన రక్షణ శాఖ ప్రకటన చదవడానికి రెండు రోజుల తర్వాత ఎవరు మిగిలేవారు?

రెండు వైపులా యంత్రాలే ఒకదానికొకటి బదులిచ్చుకుంటే ఏమవుతుందో స్టాక్ మార్కెట్ ఇప్పటికే చూపించింది. 2010 మే 6న అమెరికాలో, కంప్యూటర్లే కొని కంప్యూటర్లే అమ్మే జోరులో డౌజోన్స్ సూచీ నిమిషాల్లో దాదాపు 1,000 పాయింట్లు కూలి, మళ్లీ అంత వేగంగానూ లేచింది. ఎవరూ అలా జరగాలని అనుకోలేదు. ఒక్కో కంప్యూటర్ ప్రోగ్రాం తన పని తాను సక్రమంగానే చేసింది, అన్నీ కలిసి మార్కెట్‌ను కూల్చాయి. మార్కెట్‌లో అయితే లావాదేవీలు ఆపేసే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. తేడా వచ్చిన లావాదేవీలను రద్దు కూడా చేశారు. వదిలిన క్షిపణిని రద్దు చేసే ఎక్స్ఛేంజీ లేదు.

2025 మేలో భారత్, పాకిస్తాన్ మొదటిసారి పెద్ద ఎత్తున డ్రోన్లను ఒకరి మీద ఒకరు ప్రయోగించుకున్నాయి. రెండూ అణ్వస్త్ర దేశాలు. రెండు రాజధానుల మధ్య దూరం క్షిపణికి నిమిషాల్లో లెక్క. ఇలాంటి ఇరుగుపొరుగుకు కావలసింది నిర్ణయానికి ఇంకాస్త ఎక్కువ సమయం. ఉన్నదాన్ని కుదించమనే సలహా ఎవరిచ్చినా నమస్కారం పెట్టి పంపించేయాలి.

5. "సిగ్నల్ తెగినా దాడి ఆగకూడదు, మిగతాది డ్రోనే చూసుకుంటుంది"

యుక్రెయిన్ యుద్ధం ఈ సలహాను బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. అక్కడ ఇరుపక్షాలూ జామర్లతో ఆకాశాన్ని నింపేశాయి. డ్రోన్ లక్ష్యానికి దగ్గరపడేసరికి, ఆఖరి కొన్ని వందల మీటర్లలో, నడిపేవాడితో సంబంధం తెగిపోతుంది. అందుకే కెమెరాలో చూపించిన ఆకారాన్ని పట్టుకుని మిగతా దూరం సొంతంగా వెళ్లే డ్రోన్లు వచ్చాయి. ముందు మనిషి చూపించిన ట్యాంకు మీదికి వెళ్లడం. తర్వాతి మెట్టు, ఈ ప్రాంతంలో ట్యాంకులా కనిపించినదాన్ని నువ్వే వెతుక్కో అనడం. ఆ తర్వాతిది, సైనికుడిలా కనిపించినవాణ్ని వెతుక్కో అనడం. ఒక్కో మెట్టూ ముందుదానికి చిన్న సవరింపులాగే ఉంటుంది. ఎక్కడ గీత దాటామో ఎవరూ చెప్పలేరు.

ఇది పూర్తిగా కొత్తదీ కాదు. ఇజ్రాయెల్ తయారు చేసిన హార్పీ దశాబ్దాల నాడే వచ్చింది. గాల్లో చక్కర్లు కొడుతూ రాడార్ తరంగాలు పసిగట్టి, అవి వస్తున్న చోట పడి పేలుతుంది. దాన్ని కొన్న దేశాల్లో మనమూ ఉన్నాం, చైనా కూడా ఉంది. హార్పీ వెతికేది రాడార్‌ను, మనిషిని కాదు. అయినా ఆ రాడార్ పక్కన బడి ఉందా, బస్టాపు ఉందా అన్నది దానికి కనపడదు.

మనిషి లేకుండా మనిషిని చంపే ఆయుధం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మందుపాతర చాలు. మీద పడ్డ బరువే దానికి ఆధారం. సైనికుడి కాలా, మేకలు తోలుకొచ్చిన పిల్ల కాలా, యుద్ధం నడుస్తోందా ముగిసిందా, అది చూడదు. పార్లమెంటు మీద దాడి తర్వాత 2001-02లో ఆపరేషన్ పరాక్రమ్ పేరిట పశ్చిమ సరిహద్దు పొలాల్లో మన సైన్యం మందుపాతరలు వేసింది. యుద్ధం జరగలేదు. అయినా వేసేటప్పుడూ తీసేటప్పుడూ మన జవాన్లే కాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. రైతులూ పోగొట్టుకున్నారు. కెమెరా ఉన్న, రెక్కలున్న, తానే వెతుక్కుంటూ తిరిగే మందుపాతర అంతకన్నా మెరుగ్గా ఉంటుందని నమ్మడానికి ఆధారమేదీ లేదు.

సంబంధం తెగితే వెనక్కి రావడం, ఖాళీ చోట దిగిపోవడం, పేలకుండా నిర్వీర్యం కావడం, ఇవీ సాంకేతికంగా సాధ్యమే. సిగ్నల్ పోయినప్పుడు ఆయుధం ఏం చేయాలన్నది ఇంజనీరు రాసే ఒక వాక్యం. ఆ వాక్యం 'ఆగు' అని ఉండాలి.

6. "యంత్రం చట్టాన్ని తూచ తప్పకుండా పాటిస్తుంది, మనిషికన్నా అదే నయం"

మనుషులు తప్పు చేయరని ఎవరూ అనలేరు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా సిబ్బంది ఒక తెల్ల కారును గంటల తరబడి వెంటాడి, ఉగ్రవాదిదని నమ్మి పేల్చేశారు. చనిపోయిన 10 మందీ మామూలు పౌరులు, అందులో ఏడుగురు పిల్లలు. మూడు వారాల్లోపే పాత్రికేయులు నిజం బయటపెట్టారు, సైన్యం తప్పు ఒప్పుకుంది. మనిషి చేసిన తప్పుకు ప్రశ్నించదగ్గ మనిషి ఉంటాడు. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే రాసినవాడు, శిక్షణ డేటా ఇచ్చినవాడు, కొన్నవాడు, మోహరించినవాడు ఒకరి వైపు ఒకరు చూపిస్తారు. పైగా ఒక సైనికుడి పొరపాటు ఒకరిదే. ఒక సాఫ్ట్‌వేర్ పొరపాటు అదే నిమిషంలో వెయ్యి డ్రోన్లదీ.

ఇంతకన్నా లోతైన విషయమొకటి ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసి, తర్వాత స్వయంచాలిత ఆయుధాల మీద పుస్తకాలు రాసిన పాల్ షార్ తన అనుభవం చెప్పారు. 2004లో ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు కొండల్లో ఆయన బృందం మాటువేసి ఉంది. ఐదారేళ్ల పిల్ల ఒకతె మేకల్ని తోలుకుంటూ వాళ్ల చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ పిల్ల దగ్గర రేడియో ఉందని వాళ్లకు తర్వాత అర్థమైంది. వాళ్ల జాడ తాలిబన్లకు చెప్పడానికే వచ్చింది. కాసేపట్లో ఆయుధాలతో మనుషులు వచ్చారు, కాల్పులు జరిగాయి. యుద్ధ చట్టం ప్రకారం శత్రువు తరఫున గూఢచర్యం చేస్తూ పోరులో పాలుపంచుకునేవారు లక్ష్యం కావచ్చు, ఆ చట్టం వయసు చూడదు. అయినా ఆ పిల్లను కాల్చాలన్న మాట ఆ బృందంలో ఒక్కరి నోటా రాలేదు.

చట్టాన్ని తూచ తప్పకుండా పాటించే యంత్రం అక్కడ ఉంటే ఆ పిల్ల బతికేది కాదు. చట్టం అనుమతించినదంతా చేయకుండా ఆపే ఇంకొకటి మనిషిలో ఉంది. దాన్ని కోడ్‌లో రాయడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. చేతకానంతవరకు ఆ పని మనిషికే ఉండాలి.

7. "వాళ్లు చేసేస్తున్నారు, ముందు మనమూ చేద్దాం, ఆలోచన తర్వాత"

2017లో చైనా 2030 నాటికి కృత్రిమ మేధలో ప్రపంచానికి నాయకత్వం వహించాలని ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది ఈ రంగంలో ముందుండేవారే ప్రపంచాన్ని ఏలుతారని పుతిన్ రష్యా బడిపిల్లలకు చెప్పారు. 2023 ఆగస్టులో అమెరికా రెప్లికేటర్ పేరిట రెండేళ్లలోపే వేల స్వయంచాలిత యంత్రాలను రంగంలోకి దింపుతామంది. ఒక్కొక్కరూ అవతలివారిని చూపించి ఖజానా తలుపులు తీయిస్తున్నారు.

ఇదివరకు ఇదే దారిలో వెళ్లి చూశాం. 1960 అమెరికా ఎన్నికల్లో ఖండాంతర క్షిపణుల్లో సోవియట్లు అమెరికాను మించిపోయారని కెనెడీ ప్రచారం చేశారు. ఆయన గెలిచాక, 1961 సెప్టెంబరులో అమెరికా నిఘా వర్గాలు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్కగడితే సోవియట్ల దగ్గర ఉన్నవి పాతికకు మించవని తేలింది. అప్పటికే కర్మాగారాలు పరుగందుకున్నాయి. 1980ల మధ్యకు ప్రపంచంలో అణు వార్‌హెడ్లు 70,000 దాకా పెరిగాయి. వాటిని తగ్గించడానికి చర్చలు, తనిఖీలు, ఒప్పందాలతో దశాబ్దాలు పట్టింది, పని ఇంకా పూర్తి కాలేదు.

క్షిపణి గోతులు ఉపగ్రహానికి కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ కనిపించదు. పొరుగువాడి డ్రోన్ మనిషి ఆజ్ఞతో నడుస్తోందో సొంతంగా నడుస్తోందో బయటి నుంచి చూసి చెప్పలేం. కాబట్టి ఈ పోటీలో భయం మరింత త్వరగా పెరుగుతుంది, పరీక్షలు మరింత త్వరగా కత్తిరింపుకు గురవుతాయి. సరిగ్గా పరీక్షించని ఆయుధం ముందు కాల్చేది శత్రువునే అన్న హామీ లేదు. టోర్నడో వైమానికుల కుటుంబాలకు ఆ సంగతి తెలుసు.

దేశ రక్షణ వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. మన మీదికి వచ్చే డ్రోన్‌ను, క్షిపణిని యంత్రమే అడ్డుకుంటే అది యంత్రాన్ని యంత్రం కూల్చడం. మనుషుల్ని ఏరి చంపే పని యంత్రానికి అప్పగించడం పూర్తిగా వేరే విషయం. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవారిని అక్కడే ఆపి, ఏ సంగతి మాట్లాడుతున్నారో తేల్చుకోండి.

8. "ఒప్పందాలు చిత్తు కాగితాలు, వాటి మీద ఆశ పెట్టుకోకండి"

శత్రువు కళ్లు శాశ్వతంగా పోగొట్టే లేజర్ ఆయుధాలను 1995లో వియన్నాలో అంతర్జాతీయంగా నిషేధించారు, అవి యుద్ధభూమికి రాకముందే. భారత్ కూడా ఆ నిషేధంలో భాగం. రసాయన ఆయుధాల ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చింది. మనం మన నిల్వలు ప్రకటించి, 2009 నాటికి అన్నీ నాశనం చేశాం. ఒప్పందాలను ఉల్లంఘించినవాళ్లు ఉన్నారు, సిరియాలో చూశాం. కానీ ఉల్లంఘనను ఉల్లంఘన అని పిలవాలంటే ముందు నియమం ఉండాలి. 2024 నవంబరులో లీమాలో బైడెన్, జిన్‌పింగ్ కలిసినప్పుడు అణ్వాయుధ ప్రయోగ నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలని ఒప్పుకున్నారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనివాళ్లే ఆ మాట దగ్గర కలిశారు.

స్వయంచాలిత ఆయుధాల మీద జెనీవాలో 2014 నుంచీ చర్చలు నడుస్తున్నాయి. 2017లో అధికారిక నిపుణుల బృందం ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు మన దౌత్యవేత్త అమన్‌దీప్ సింగ్ గిల్. ఊహకందకుండా ప్రవర్తించే ఆయుధాలనూ, నేరుగా మనుషులను గురిపెట్టేవాటినీ నిషేధించాలని, మిగతావాటికి గట్టి హద్దులు పెట్టాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ 2021లో సూచించింది. 2026లోగా ఒప్పందం కుదుర్చుకోవాలని 2023 అక్టోబరులో ఐరాస ప్రధాన కార్యదర్శి గుటెరస్, రెడ్‌క్రాస్ అధ్యక్షురాలు స్పోల్యారిచ్ కలిసి కోరారు. ఆ డిసెంబరులో ఈ ఆయుధాల మీద ఐరాస సర్వప్రతినిధి సభలో మొదటి తీర్మానం వచ్చింది. 152 దేశాలు అనుకూలం. వ్యతిరేకించినవి నాలుగే: రష్యా, బెలారస్, మాలీ, భారత్. మరుసటి ఏడాది 166 దేశాలు అనుకూలించగా మనం ఓటింగుకు దూరంగా ఉన్నాం.

జెనీవా వేదిక ఉండగా మరొకటెందుకన్నది మన ప్రభుత్వ వాదన. ఆయుధాలున్న పెద్ద దేశాలు తమకు అనుకూలంగా నియమాలు రాసుకుంటాయన్న భయం వెనుక అణు ఒప్పందాల అనుభవమూ ఉంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే నియమాలు రాసే బల్ల దగ్గర కూర్చోకపోతే అవి మనకు అనుకూలంగా ఎలా వస్తాయి? జెనీవాలో నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి. ఒక్క దేశం అడ్డం తిరిగినా పని ఆగిపోతుంది. పదేళ్లు దాటినా అక్కడ కట్టుబడి ఉండదగ్గ ఒప్పందం రాలేదు.

మన దగ్గర పాటించదగ్గ మాదిరి ఇప్పటికే ఉంది. 2003లో ఏర్పాటైన మన అణు కమాండ్ అథారిటీలో అణ్వాయుధ ప్రయోగానికి అనుమతి ఇవ్వగలిగేది ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి ఒక్కటే. ప్రాణాల మీది నిర్ణయానికి జవాబుదారీ మనిషి ఉండాలని మనమే రాసుకున్నాం. అదే సూత్రాన్ని ప్రపంచం ముందు పెట్టడానికి మొహమాటం అక్కర్లేదు.

9. "ఇవి పెద్దవాళ్లు చూసుకునే సంగతులు, మనకెందుకు?"

మనకే. హైదరాబాద్ కాంచన్‌బాగ్‌లో, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ క్షిపణులు తయారు చేస్తోంది. అదే నగరంలో డీఆర్‌డీఓ క్షిపణి ప్రయోగశాలలున్నాయి. ఇజ్రాయెల్ డిజైన్ చేసిన హెర్మెస్ 900 డ్రోన్లకు ఆ దేశం బయట మొదటి కర్మాగారం 2018లో వచ్చింది హైదరాబాద్‌లోనే. రెండు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చే పిల్లలు ఇలాంటిచోట్ల, విదేశీ కంపెనీల్లో, కొత్తగా పుట్టే డ్రోన్ స్టార్టప్‌లలో ఈ వ్యవస్థల కోడ్ రాస్తున్నారు, రాయబోతున్నారు. సిగ్నల్ తెగితే ఏం చేయాలన్న వాక్యం రాసేది రేపు మన ఇంటి పిల్లలే కావచ్చు.

వాళ్లకు ఇవ్వవలసిన సలహా ఒక్కటే: పని ఒప్పుకునే ముందు అడగండి. ఈ ఆయుధం గురిపెట్టేది యంత్రాలనా, మనుషులనా? కాల్చే ముందు ఆపగలిగే మనిషి ఎవరు, ఆ మనిషికి ఎన్ని సెకన్లు ఇస్తున్నారు? సంబంధం తెగితే అది ఏం చేస్తుంది? దుమ్ములో, వానలో, జనం మధ్యలో దీన్ని పరీక్షించారా? తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు, వారి పేరు కాగితం మీద ఉందా? సూటిగా జవాబు రానిచోట పని చేయనని చెప్పే హక్కు మీకుంది. ఆ రాత్రి పెత్రోవ్‌కు ఉన్న చదువు, ఇంగితం మీకూ ఉన్నాయి.

మిగతావాళ్లం ఓటర్లం. ఎన్నికలప్పుడు రోడ్ల గురించి, నీళ్ల గురించి ఎంపీని నిలదీసినట్టే దీని గురించీ అడుగుదాం. మనుషులను ఏరి చంపే యంత్రాల మీద నిషేధానికి భారత్ ఎందుకు దూరంగా ఉంది, జెనీవాలో మనం ఏ ముసాయిదా పెట్టాం, ఐరాసలో ఈసారి ఎటు ఓటేస్తున్నాం అని పార్లమెంటులో ప్రశ్న వేయమని ఉత్తరం రాద్దాం. ఒక ఎంపీకి వంద ఉత్తరాలు వస్తే ఆ ప్రశ్న సభలోకి వెళ్లే అవకాశం ఉంటుంది. ఈ తొమ్మిది సలహాలూ నిశ్శబ్దంలోనే చెల్లుబాటవుతాయి. అడిగేవాళ్లు పెరిగిన కొద్దీ వాటికి విలువ తగ్గుతుంది.